అరచేతంత తోలు

నేను ఒక ఉరుమును, మేళంలో మెడకు తగిలించుకుని పలికించే వాయిద్యాన్ని. నా మనిషి పెన్నోబులేసు చనిపోయిన పదకొండో రోజు పొద్దున ఆయన భార్య సుంకమ్మ మూట విప్పి చూసేసరికి, నా ఎడమ ముఖం మీద అరచేతంత తోలు లేదు.

సుంకమ్మ అరవలేదు. ఆ రంధ్రం అంచును వేలితో చుట్టూ తడిమింది. తర్వాత వాకిట్లోకి వచ్చి పక్కింటివాళ్ళకు వినపడేలా చెప్పింది.

"మారెప్పను పిల్చండి. ఎర్రిస్వామిని గుడక. రేపు మధ్యాన్నం లోపల ఇది పలకల్ల."

ఆ రేపటి సంగతి ఏమిటంటే, పన్నెండో రోజు మధ్యాహ్నం సమాధి దగ్గర మేళం ఆడాలి. పెన్నోబులేసు మంచం మీద ఉండగానే చెప్పి పోయాడు. "నా దినానికి ఎవురూ ఏడవద్దండి. నా ఉరుమును ఎర్రిస్వామి మెడలో ఏసి ఆడండి. అది పలక్కపోతే నేను యాడికీ పోను, ఈడనే మీ నెత్తిన కూకుంటా." ఆయన తమాషాకే అన్నాడు. సుంకమ్మ తమాషాగా తీసుకోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఆమెను అడిగినవి చాలా తక్కువ.

నన్ను ఎన్నడూ చూడనివారికి చెబుతున్నాను. నడుము సన్నగా, మూతులు రెండూ వెడల్పుగా ఉండే కంచు గొట్టాన్ని నేను. రెండు వైపులా మేకతోలు. కుడి ముఖాన్ని పుల్లతో కొడతారు. ఎడమ ముఖానికి ఆముదం పట్టించి వంకర పుల్లతో రాస్తారు. అప్పుడు దూరాన మబ్బు గుర్రుమన్నట్టు ఉంటుంది. అనంతపురం జిల్లాలో మా పక్క పల్లెల్లో అక్కమ్మ దేవతల జాతర నేను లేకుండా జరగదు. వాన మొహం చూడని నేల మీద మనుషులు ఉరుమును మెడకు తగిలించుకుని తిరగడం నాకు మొదటినుంచీ వింతే.

నన్ను పోతపోసిన కంచరి పేరు నాకు తెలియదు. మట్టి అచ్చులో చల్లారుతూ ఆయన దగ్గు మాత్రం విన్నాను. పెన్నోబులేసు తాత నన్ను భుజాన వేసుకుని నాలుగు రోజులు నడిచి ఊరు చేర్చాడు. తాత పోయాక ఆయన కొడుక్కు మేళం గిట్టలేదు. తోలు ఊడిన నన్ను కోడిపిల్లల మీద బోర్లించారు. నడుము దగ్గర సందు ఉంది కాబట్టి పిల్లలకు గాలి బాగా ఆడుతోందని ఇంట్లోవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. నాకు దక్కిన మొదటి మెప్పు అదే. పదకొండేళ్ళ పెన్నోబులేసు ఒకరోజు కోడిపిల్లల్ని వదిలేసి నన్ను ఎత్తుకుపోయాడు. రెండు పిల్లల్ని గద్ద తన్నుకుపోయింది. వీపు వాచేలా దెబ్బలు తిన్నాడు కానీ నన్ను కింద పెట్టలేదు.

ఆయన ఆట సంగతి చెప్పాలి. గిర్రున తిరిగితే తొడుక్కున్న పొడవాటి అంగీ గొడుగులా విచ్చుకునేది. కాళ్ళ గజ్జెలు ఒక లెక్కలో నడిస్తే నేను ఇంకో లెక్కలో నడిచేదాన్ని. రెండూ చివరికి ఒకచోట కలుస్తాయా లేదా అని జనం ఊపిరి బిగబట్టేవారు. కలిసేవి. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆడబోయే ముందు నా ఎడమ ముఖానికి చెంప ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే కాసేపు ఎండలో పెట్టేవాడు.

బస్సెక్కితే కిటికీ సీటు నాకిచ్చి తాను నిలబడేవాడు. ఒకసారి కండక్టరు వచ్చి, "సీటు పట్టింది కదా, దీనికి గుడక టికెట్ కొట్టించుకో పెద్దాయనా" అన్నాడు. "నీ బస్సుకు పాట పాడతాది, నువ్వే దానికి ఎదురియ్యి" అని పెన్నోబులేసు నన్ను అక్కడే పలికించాడు. ఆ కండక్టరే ఎర్రిస్వామి. బస్సు ఆఖరి స్టాపు చేరేసరికి శిష్యుడయ్యాడు, నెల తిరిగేసరికి పెద్దనాయనా అని పిలవడం మొదలుపెట్టాడు. సెలవు దొరికితే చాలు, ఖాకీ బట్టలతోనే మేళంలోకి వచ్చేవాడు.

మారెప్ప అలా మధ్యలో వచ్చినవాడు కాదు. ముప్ఫై ఏళ్ళు పెన్నోబులేసు పక్కనే ఆడాడు. మేళంలో అన్ని ఉరుములకూ తోళ్ళు ఎక్కించేది అతనే. ఉరుము ఎర్రిస్వామికి అని పెన్నోబులేసు చెప్పిన రోజు నుంచి మారెప్ప ఈ గడప తొక్కలేదు. ఆరు నెలలు. పూడ్చిన రోజు వచ్చాడు, మళ్ళీ కనిపించలేదు.

ఎవరైనా పోతే మా మేళానికి ఒక కట్టుబాటు ఉంది. పాడె వెంట ఉరుమును పలికించి, గుంత దగ్గర దాన్ని పోయినవాని గుండెకు ఒకసారి ఆనించి, పక్కన పెడతారు. మన్ను పోయడం అయ్యాక గుడ్డలో మూటకడతారు. పదకొండో రోజు దాకా ఎవరూ విప్పరు. ఆ మూటలో ఉండి పరామర్శకు వచ్చినవాళ్ళ మాటలన్నీ విన్నాను. పెన్నోబులేసు ఒక జాతరలో పొద్దుగూకేదాకా ఆడాడని మొదటి రోజు ఎవరో అన్నారు. మూడో రోజుకు అది తెల్లవార్లూ అయింది. ఏడో రోజుకు రెండు రోజులు కూర్చోకుండా ఆడాడు. నిజానికి ఆ రోజు ఆయన మధ్యలో రెండుసార్లు టీ తాగాడు. మనుషులు ఇష్టమైనవాణ్ణి పోగొట్టుకుంటే ఆయన కాళ్ళకు విశ్రాంతి ఇవ్వరు.

తోలు ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. అందరూ గుంత చుట్టూ ఉన్నారు. నేను తంగేడు చెట్ల వెనక ఉన్నాను. ఎవరో వచ్చి కూర్చున్నారు. ఒక చెయ్యి తువ్వాలు మీదుగా నన్ను అదిమింది. రెండో చేతిలోని కత్తి నా తోలులోకి దిగింది. నన్ను తాకిన ఏ అరచేతినైనా గుర్తుపడతాను కానీ, కత్తి పట్టిన చేతి వేడి కత్తి దాటి నాదాకా రాదు.

సరే, ఇద్దరూ వచ్చారు. మారెప్ప గడప బయటే నిలబడ్డాడు.

"ఇది పాత కంచు కొనేవాని పని పెద్దమ్మా" అన్నాడు ఎర్రిస్వామి. "పోయిన నెల వచ్చి దీన్ని ఎగాదిగా చూసిపోయినాడు."

"కంచు కావల్సినోడు కంచు ఎత్తుకపోతాడు గానీ తోలు కోసుకపోతాడా? టికెట్లు చించీ చించీ నీ బుర్ర గుడక చినిగినట్టుండాది" అంది సుంకమ్మ.

"ఎలుకలేమో వదినా" అన్నాడు మారెప్ప, నేల చూస్తూ.

"ఇంత గుండ్రంగా కొరికే ఎలుక ఉంటే దాన్ని గుడక మేళంలో చేర్చుకుందాం పట్టుకరా."

ఎర్రిస్వామి ఉండబట్టలేక, "నాకు దక్కుతాదని ఓర్వలేనోళ్ళు ఉండారు కదా" అనేశాడు.

"ఎవుర్రా ఓర్వలేనోడు? నువ్వు బస్సులో ఈలలేస్తాండేటప్పుడే నేను..."

"కొట్లాట రేపు సాయంత్రం పెట్టుకోండి" అంది సుంకమ్మ. "ముందు తోలు. ఎంతసేపు పడతాది చెప్పు మారెప్పా."

ఎర్రిస్వామి మొహం వాడిపోయింది. పచ్చితోలు నానాలి, వెంట్రుక ఊడాలి, గీకాలి, నీడన ఆరాలి. ఎంత తొందరపడినా ఎనిమిది రోజులు. చేతిలో ఉన్నది ఒక్క రోజు.

"ఇంకో ఉరుముతో కానిద్దాం పెద్దమ్మా. పెద్దనాయనకు తెలీదా మన అవస్థ?"

"లేదప్పా. ఇంకొకటి పలికితే అది ఇంకొకరి దినం. మేకను కోసి పచ్చితోలు కట్టి అయినా సరే, ఇదే మోగల్ల. మోగకపోతే నేను ఆ సమాధి దగ్గరికి రాను."

ఆమె కొడవలి తీసుకుని నిజంగానే మేకల దొడ్డివైపు నడిచింది. నాలుగు అడుగులు వేసిందో లేదో మారెప్ప గొంతు వినిపించింది.

"నా దగ్గర ఒక తోలుంది వదినా. ఆరిందే."

తెచ్చాడు. పల్చగా, ఎక్కడా గీత లేకుండా గీకిన తోలు. వెదురు చుట్టుకు చుట్టి కుట్టు కూడా అయిపోయింది. ఎర్రిస్వామి మారెప్ప చేతులు పట్టుకుని, "చిన్నాయనా, నోరు జారితి, మనసులో పెట్టుకోవద్దు" అని, లీవు చీటీ ఇచ్చి వస్తానని డిపోకు పరుగెత్తాడు.

మారెప్ప వాకిట్లో కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. పాత తోలు విప్పాడు. కొత్తది మూతికి తొడిగాడు. నా ఎడమ మూతి పూర్తి గుండ్రం కాదు. ఒకప్పుడు బస్సు టాపు మీదనుంచి పడి సొట్టపోయి, కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. జిల్లాలో ఇంకే ఉరుముకూ అలాంటి మూతి లేదు. ఆ వెదురు చుట్టు ఒక్క తట్టు కూడా అవసరం లేకుండా టక్కున కూర్చుంది.

నాకు అర్థమైంది. సుంకమ్మకు నాకన్నా ముందే అర్థమైంది.

ఆమె తాళ్ళు బిగించనిచ్చింది. ఆముదం గిన్నె తెచ్చి ఇచ్చింది. మారెప్ప వంకర పుల్లతో ఒకసారి రాశాడు. పలికాను. గొంతు కొత్తది, కొంచెం బిరుసు, కానీ నాదే. గోడ అవతల ఎవరో "పెన్నోబులేసు ఉరుమే!" అన్నారు. సుంకమ్మ కొంగుతో కళ్ళు ఒకసారి తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"తోలుకు ఎనిమిది దినాలు పడతాది. బొక్క నేను చూసింది ఈ పొద్దున. దీని మూతి కొలతకు చుట్టు గుడక ముందే వంచి పెట్టినావు. ఆ ముక్క యాడుంది మారెప్పా?"

మారెప్ప పుల్ల కింద పెట్టాడు.

"నేనే కోస్తి వదినా. అందురూ గుంత కాడ ఉంటే నేను దీని ముందర కూకోని ఉంటి. ముప్పై ఏండ్లు నేను ఎక్కించిన తోలుకు అన్నకు పేరొచ్చె. ఆఖరికి దీన్ని కండక్టరుకు ఇచ్చిపాయె. నాకు కుళ్ళే. కాదని చెప్పను. వాని మెడలో పడేదానికన్నా చినిగేదే మేలనుకుంటి. మొలలో కత్తి ఉండె, దించితి. ముక్క చేతిలోకి వస్తూనే దానికి అన్న వాసన కొట్టె. ఆరు నెలలు మాట్లాడకుండా మనిషిని పంపిస్తాండానే అనిపించె. మన్ను ఎయ్యకముందే గుంతలోకి వంగి, దాన్ని అన్న చేతి కింద పెడితి. 'దీన్ని తీసుకపో అన్నా, ఆడ పొద్దుపోకుంటే రాసుకో' అంటి. ఆయన్తో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే. మూట గుడక నేనే కడితి, బొక్క ఎవురికీ కనపడలే. మీతో చెప్పేకి నోరు రాలే. ఇంటికి పోయి ఆ దినమే తోలు నానేస్తి. రేపు దీన్ని ఎర్రిస్వామి మెడలో నేనే ఏస్తా. వాని పక్కన నేనే ఆడతా. వాడు అడుగు తప్పితే మాత్రం, దినమని గుడక చూడను, అందరి ముందర ఒకటి పీకుతా."