ఇద్దరూ చూస్తేనే

రాంచందర్‌కూ నరసరాజుకూ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఆకాశంలో ఏదైనా వెతికేటప్పుడు ఒకరికి దొరికితే రెండోవారికి చెప్పకూడదు. రెండోవారు తమంతట తామే వెతుక్కోవాలి. ఇద్దరికీ దొరికిందనుకున్నాక ఒకేసారి చెయ్యెత్తి చూపించాలి. రెండు చేతులూ ఒకే చోటికి పోతేనే చూసినట్టు లెక్క, లేకపోతే లేదు. ఒక ఫ్యాక్టరీలో బాయిలరు నడిపేవాడూ, ఇంకో ఫ్యాక్టరీలో లేతు మిషను మీద రిటైరైనవాడూ చిట్కుల్‌లో మిద్దె మీద నిలబడి ఆకాశానికి చేతులు చాపుతుంటే, కింద కిరాయికుండే బీహారు కుర్రాళ్ళు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. పాతికేళ్ళుగా ఆ మిద్దె మీద దొంగ చుక్క ఒక్కటీ పుట్టలేదు.

ఇప్పుడు తోకచుక్క వచ్చింది. పొద్దుగూకాక పడమటి దిక్కున, శుక్రుడికి కుడివైపు కాస్త పైన, కొద్దిసేపు నిలిచి దిగిపోతుంది. మళ్ళీ వస్తుందో రాదో, వచ్చినా అప్పటికి మన ఊళ్ళూ ఉండవు, ఫ్యాక్టరీలూ ఉండవు. దసరాకు ముందు నుంచీ ఆకాశమంతా మబ్బే. నరసరాజుకు షుగరు ఇప్పటికే ఒక కన్ను తినేసింది. రెండోదానికి రేపు పొద్దున ఆపరేషను. చూపు నిలుస్తుందని మాటివ్వలేనని డాక్టరు ముందే చెప్పేశాడు. కాబట్టి చూస్తే ఈ సాయంత్రమే చూడాలి. అదృష్టం కొద్దీ మబ్బు కూడా ఈ రోజే విడిచింది.

మబ్బు విడిచినా ఇంకో అడ్డం ఉంది. రాంచందర్ పనిచేసే ఫ్యాక్టరీ చిమ్నీ సరిగ్గా పడమటనే ఉంటుంది. బాయిలరు గొట్టాలకు పట్టిన మసిని రోజూ ఆవిరితో ఊదాలి, ఊదితే నల్లటి పొగ లేస్తుంది. అందుకే దీపాలు పెట్టే వేళ దాటాక గానీ ఆ పని ముట్టుకోరు. చీకట్లో నలుపు ఎవరి కంట పడుతుంది? ఎవరు పెట్టారో తెలియని రివాజు అది. రాంచందర్ కూడా ఇన్నేళ్ళూ అలాగే ఊదాడు.

ఆ రోజు సెలవు పెట్టి, డ్యూటీలో ఉన్న యాదన్నకు ఫోన్ చేశాడు.

"యాదన్నా, ఇయ్యాల మసి జెర జల్దీ ఊదు. పొద్దు ఉండంగనే అయిపోవాలె. చీకటయ్యే సరికి మొత్తం సాఫ్ గావాలె."

"పగటిపూట ఊదితే ఎవలన్న ఫోటో తీస్తరన్నా. నా నౌకరి మీదికొస్తది."

"ఒక్క దినమే. నరసరాజన్న కండ్ల ముచ్చట నీకెర్కే గదా."

యాదన్న కాసేపు నసిగి సరేనన్నాడు.

అక్కడే రాంచందర్ బోల్తాపడ్డాడు. ఇన్నేళ్ళూ చీకట్లోనే ఊదాడు కదా, ఆ పొగ ఎటు పోతుందో, ఎంతసేపు నిలుస్తుందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఊదేస్తే పోయిందనే అనుకున్నాడు. తీరా నరసరాజును చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి చూస్తే, ఆ పొగ ఎక్కడికీ పోలేదు. గాలి ఆడక, పడమర అడుగంతా గొంగడి పరిచినట్టు పడి ఉంది. శుక్రుడే అందులో ఉన్నాడా లేడా అన్నట్టు ఉన్నాడు. రివాజు ప్రకారం చీకటి పడ్డాకే ఊదనిచ్చి ఉంటే ఇప్పుడు ఆకాశం తేటగానే ఉండేది.

"మబ్బున్నదా తమ్మీ?" అన్నాడు నరసరాజు.

"లేదన్నా. పొగ."

"మీదేనా?"

"మాదే."

నరసరాజు దుర్భిణి తీసుకుని, ఉన్న ఒక్క కన్నును దానికి ఆనించి, పిట్టగోడ మీద మోచేతులు మోపి వెతకసాగాడు. వెలుతురు తగ్గిపోతోంది. పొగ మాత్రం కదలడం లేదు. యాదన్నకు ఫోన్ చేసి తిట్టాలనిపించింది రాంచందర్‌కు. ఏమని తిట్టాలి, చెప్పిన పని చెప్పినట్టు చేశాడనా?

"దొరికింది," అన్నాడు నరసరాజు. "దొరికింది తమ్మీ. తోక గుడ కనవడ్తున్నది. జెర ఎర్రగున్నది గని, తోకైతే సాఫుగున్నది."

దుర్భిణి ఎటు తిరిగి ఉందో రాంచందర్ చూశాడు. చిమ్నీ కొసన, విమానాల కోసం పెట్టిన ఎర్ర దీపం. దాని పక్కన ఏటవాలుగా నిలిచిపోయిన పొగ చార.

"నీకు దొరికిందా?"

అటు కాదన్నా అనడం ఎంతసేపు? కానీ ఆ మాట అన్నాక ఏం చూపించాలి, మసినా? రేపు పొద్దున ఆపరేషను బల్ల మీద పడుకోబోయే మనిషికి ఈ పొగేనా మిగిల్చేది?

"దొరికిందన్నా."

"అయితే ఎత్తు చెయ్యి."

ఇద్దరూ చేతులెత్తారు. నరసరాజు రెండో చేత్తో రాంచందర్ భుజం దగ్గర మొదలుపెట్టి వేలి కొస దాకా తడుముకుంటూ పోయాడు. రెండు వేళ్ళూ ఒకే చోటికి ఉన్నాయి. ముసలాయన ముఖం విప్పారింది.

"మరి గంత ఎర్రగెందుకున్నది?"

"పొద్దుగూకే కాడ ఏదైన గట్లనే కనవడ్తదన్నా."

ఆ మాట నిజమే. నిజాన్ని తెచ్చి అబద్ధానికి కాపలా పెట్టినందుకు రాంచందర్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

సరిగ్గా అప్పుడు, దీపానికి చాలా పైన, పొగ ఒకచోట పలచబడింది. అందులోంచి కనిపించింది. తెల్లగా, సన్నగా, తోక పైకెత్తుకుని, ఏ దీపమూ ఎప్పుడూ ఉండనంత నిలకడగా ఉంది. అన్నా, పైన, జెర పైన అనే మాట రాంచందర్ నాలుక దాకా వచ్చింది. కానీ దీపాన్ని తోకచుక్క అనుకున్న కన్ను దీన్ని పడుతుందా? పట్టకపోతే ఇప్పుడున్నదీ పోతుంది. ఆపైన ఈ చెయ్యి ఇంకెప్పుడు ఏం చూపించినా ఆయన నమ్మడు.

మాట మింగేశాడు. కళ్ళు అక్కడ, వేలు ఇక్కడ పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏడుపు వచ్చింది, ఆపుకున్నాడు. కాసేపటికి పొగ మళ్ళీ మూసుకుంది.

"ఇగ దించు తమ్మీ చెయ్యి," అన్నాడు నరసరాజు, రాంచందర్ భుజం తట్టి. "ఇద్దరం సూసినం గదా."