రాయి కన్ను తెరిచింది

పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు మొగుడు మొదటిసారి కాఫీ కలిపి చేతికిస్తే ఏ ఆడదైనా మురిసిపోవాలి. గోదాదేవి లోటా వాసన చూసింది. చక్కెర సరిపోయింది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

“నీలా ఊపిరి బిగబట్టడం ఎవరికీ రాదు గోదా,” అన్నాడు కౌస్తుభ్. తిరుపతిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడాయన.

ఊపిరి సంగతి నిజమే. దేవుడికి పెట్టకముందే పులిహోర వాసన మనిషి ముక్కుకు తగలకూడదని అత్తగారి కట్టడి. “వాసన పీల్చి ఎంగిలి చేస్తావా?” అని పెళ్లయిన మూడోనాడే గదమాయించింది. అప్పట్నుంచి తాలింపు వేసి దించేదాకా గోదాదేవి ఊపిరి పీల్చేది కాదు. ఆ ఘాటుకు నాలుగిళ్ల అవతల ఎనుములు తుమ్మేవి గానీ ఈమె ముక్కు కదిలేది కాదు.

ఆయన పరిశోధనకు చేపల లెక్క కావాలని తడ దాటి, జాలరి ఎల్లప్ప పడవలో సముద్రంలోకి పోయారు. రెండు నిలువుల నీళ్లు, అడుగున రాళ్లు. పుట్టినింటి బావిలో నేర్చిన ఈత మరిచిపోలేదు గనక కంటికి అద్దాలు కట్టుకుని ఆమె మునిగేది, తేలి చెప్పేది. గొడుగు కింద ఆయన రాసుకునేవాడు. పసుపుచారల చేపలు పదకొండు. ముళ్లబంతుల్లాంటి నల్లవి ఆరు.

“సరిగ్గా చూసినావా? ఇంట్లో ఉప్పుడబ్బానే కనపడదు నీకు.”

నాలుగోసారి తేలి పడవ అంచు పట్టుకుంది. ఆయన నీళ్లసీసా కోసం అటు తిరిగాడు. తెరిచిన పుస్తకంలో పై వరసన ఉంది: ‘నేను స్వయంగా మునిగి చూసినవి.’ ఆయన ప్యాంటు మడత నలగలేదు.

మళ్లీ మునిగింది. కాఫీ ఇందుకా? పరీక్ష పేపర్లు తను దిద్దితే సంతకం ఆయనది. పిల్ల చదువు తను చూస్తే ‘మా కౌస్తుభ్ పెంపకం’ అని అత్తగారి మాట. ఇంకా తనవి ఏమేమి ఆయన పేరున ఉన్నాయో?

అప్పుడు చేతి కింది రాయి కన్ను తెరిచింది. రాయి కాదు, ఆక్టోపస్. ఎర్రబడింది, తెల్లబడింది, ఆమెను అనుమానంగా చూసింది. ఈమె కూడా అట్లాగే చూసింది. చివరికి అదే ఒక చేయి చాపి, ఆమె వేలు చుట్టి పట్టుకుంది.

పైకి తేలగానే ఎల్లప్ప నవ్వాడు. “ఏందమ్మా, ఏదో పెద్దదాన్నే సూసినట్టుండావే.”

కౌస్తుభ్ పెన్ను మూత తీశాడు. “చెప్పు, రాసుకుంటా.”

“రాసుకోవద్దండి,” అంది గోదాదేవి. “ఇది చూసింది నేను.”