పట్టుకున్న మట్టే లాగింది

నేను ఒక పైలును. భవనం బరువు మోయడానికి నేలలోకి బోరు వేసి, ఊచల పంజరం దించి, కాంక్రీటు పోసి చేసిన స్తంభాన్ని. కోనసీమలో ఉప్పుటేరు పక్కన, ఓ చిన్న ప్రసూతి ఆసుపత్రి కింద అరవై అడుగుల లోతు వరకు ఉన్నాను. మీరు గోడల రంగు మెచ్చుకుంటారు. నన్నెవరు చూస్తారు?

నా కింద రాయి లేదు. చుట్టూ మెత్తటి నల్ల బంకమట్టి. "ఈ మట్టి పైలుని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టే బరువు మోస్తుంది," అంది ఇంజినీరు సుహాసిని. నేనూ నమ్మాను.

ఆసుపత్రి సగం లేచాక వరదొచ్చింది. ఆవరణ ఆరడుగులు మెరక చేయాలన్నారు. మేస్త్రీ సత్తిబాబు లారీల కొద్దీ గ్రావెల్ తోలించాడు. ఏటి వైపు పల్లం కాబట్టి నా చుట్టూనే ఎక్కువ పోశారు.

"కొత్త మెరక కదా మేడమ్, కింద మట్టి కుంగి సర్దుకునేదాకా ఓ ఏడాది ఆగుదామా?"

"పైళ్లున్నాయిగా, ఏం కాదు సత్తిబాబూ."

ఆసుపత్రి పూర్తయి కాన్పులు మొదలయ్యాయి. రెండేళ్లు గడిచాయి. మెరక బరువుకి బంకమట్టిలోని నీరు మెల్లగా బయటికి పోయి, మట్టి కుంగసాగింది. కుంగుతూ నన్ను వదల్లేదు. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టిన మట్టే ఒళ్లంతా కరుచుకుని కిందికి లాగుతోంది! నా నమ్మకమంతా దాని మీదే కదా, అరవడానికి నోరు కూడా లేదు. పైన భవనం, పక్కన మట్టి. రెండు బరువులూ మోయలేక జారాను.

ఓ మధ్యాహ్నం నా పైనున్న కాన్పు గది గోడ ఫెళ్లుమంది. తలుపు బిగుసుకుపోయింది. లోపల నొప్పులు పడుతున్న మంగతాయారు, నర్సు ఎస్తేరు.

"అమ్మా, నా మెడ పట్టుకో. వదలకు!" అంటూ ఎస్తేరు తలుపుని భుజంతో గుద్ది గుద్ది తెరిచి, ఆమెని బయటికి మోసుకొచ్చింది. ఆవరణలో స్ట్రెచర్ మీదే ఆడపిల్ల పుట్టింది. లోపల మంచం మీద గోడ కూలింది.

మర్నాడు సుహాసిని గొయ్యి తవ్వించి నా తల చూసింది. దూలం కింద నేల జానెడు దిగిపోయి ఉంది. ఆ సందులో చెయ్యి పెట్టి కొలిచింది.

"సిమెంటు కల్తీయా?" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. పక్కనున్న సత్తిబాబు గబగబా తల అడ్డంగా ఊపాడు.

"కాదండీ. మట్టి మోస్తుందని లెక్క వేశాను. మెరక పోశాక అదే లాగుతుందని ఆలోచించలేదు. ఇతను ఆగమన్నాడు కూడా. తప్పు నాది."

గట్టి ఇసుక పొర దాకా కొత్త పైళ్లు దించారు. మట్టి పట్టు జారేలా వాటికి తారు పూసిన గొట్టాలు తొడిగారు. నా తల కోసి, భవనం నుంచి విడదీశారు.

ఇప్పుడు నా మీద భవనం బరువు లేదు. అయినా మట్టి నన్ను వదల్లేదు, మొన్న దాంతోపాటు మరో వెంట్రుకవాసి దిగాను.