ఎండ దిగాక

ఫిల్మును మందునీళ్లలో ముంచి, నోట్లో అంకెలు లెక్కపెడుతూ క్లిప్పు పట్టుకుని మెల్లగా ఆడిస్తున్నాడు. ఎర్ర దీపం కింద అతని చేతులు కూడా అందరి చేతుల్లాగే ఉంటాయి. ఆసుపత్రిలో అతన్ని గబ్బిలం అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఈ ఎక్స్‌రే చీకటిగదిలో తలుపు మూసుకుని పనిచేస్తున్నవాణ్ని ఇంకేమంటారు! పొద్దు పొడవకముందే వస్తాడు, పొద్దు గూకాక వెళతాడు.

అతనికి ఎండ పడదు. పావుగంట నిలబడితే ముఖం, చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండి వాచిపోతాయి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టే వేషాలన్నారు. అసలు సంగతి మొన్నమొన్ననే ఓ డాక్టరమ్మ చెప్పింది.

“రక్తంలో ఎరుపు తయారయ్యేటప్పుడు, ఆఖర్న ఇనుమును తెచ్చి బిగించే ఎంజైము ఒకటుంటుంది. మీలో దానికి సత్తువ తక్కువ. బిగించకుండా మిగిలిన సరుకు ఒంట్లో పేరుకుంటుంది. దానికి వెలుగు తగిలితే మంట.”

“అయితే ఇనుము మాత్రలు మింగితే సరిపోదామ్మా?”

“ఇనుముకేం, ఉంది. బిగించే చెయ్యే చాలట్లేదు.”

అక్కకూ అదే జబ్బు. ఆమె మాత్రం కిక్కురుమనకుండా ఓర్చుకుని, తన గొడుగు తమ్ముడికే పట్టేది. పేరుకున్న ఆ సరుకే ఇప్పుడు ఆమె కాలేయాన్ని తినేసింది. నెలరోజులుగా ఎదుటి వార్డులో ఉంది. రోజూ ఎండ దిగాక వెళ్లి మంచం పక్కన కూర్చుంటాడు.

మధ్యాహ్నం ఆయమ్మ తలుపు తట్టింది. “మీ అక్క పొద్దున్నుంచీ తమ్ముడు, తమ్ముడని ఒకటే కలవరింత. ఒక్కసారి వచ్చి వెళ్లండి బాబూ.”

తలుపు ఓరగా తీసి చూశాడు. వార్డు దాకా వందడుగుల ఖాళీ జాగా, గొడుగంత నీడ కూడా లేదు.

“ఎండ దిగాక వస్తానని చెప్పమ్మా.”

ఆమె వెళ్లిపోయింది. అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. గోడలో రెండువైపులా తెరుచుకునే పెట్టెలోకి బయటినుంచి ఎవరో కొత్త ఫిల్ము తోసి వెళ్లారు. తీసి మందునీళ్లలో ముంచాడు.

ముందు పక్కటెముకలు తేలాయి. తర్వాత ఎడమ మెడ ఎముక, దాని మధ్యలో ఒక కణుపు. ఎవరిదో తెలియడానికి చీటీ చూడనక్కర్లేకపోయింది. ఏడేళ్ల తనను ఎండలోంచి వీపున మోసుకుని పరిగెడుతూ అక్క మెట్లమీద పడింది. ఆ ఎముక వంకరగా అతుక్కుంది. “ఇదిగో, నీ బరువురా ఇది” అని తడిమి చూపించి నవ్వేది.

వెళ్లాలి. ఇప్పుడే వెళ్లాలి. కానీ రెండో తొట్టిలో ముంచి బొమ్మ నిలవకముందే తలుపు తీస్తే ఫిల్మంతా నల్లబడిపోతుంది. మంచంమీద అక్కను మళ్లీ లేపి, ఆ చల్లటి పలకకు ఆనించి ఇంకోటి తియ్యాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫిల్మును రెండో తొట్టిలో వేసి, తలుపు గడియమీద చెయ్యేసి, ఏడుపు గొంతుతో అంకెలు లెక్కపెట్టాడు.

మళ్లీ తలుపు చప్పుడైంది, ఈసారి మెల్లగా.

“వస్తున్నా! రెండు నిమిషాలు, అంతే!”

బయట ఆయమ్మ గొంతే. “నెమ్మదిగా రండి బాబూ. ఇక తొందరేం లేదు.”

అతను లెక్క ఆపలేదు. చివరిదాకా లెక్కపెట్టి, ఫిల్మును కడిగి, తీగకు తగిలించాడు. అక్క కుట్టిచ్చిన చేతితొడుగులు మేకుకే ఉండగా, ఉత్త చేతులతో ఎండలోకి నడిచాడు.

తెరిచిన తలుపులోంచి వెలుగు గదిలోకి పడింది. తీగమీద ఫిల్ము నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి, ఎడమ మెడ ఎముకమీద ఆ కణుపు తెల్లగా కనిపిస్తోంది.