పక్క సీటులో మనిషి

ఆ కారు కొనడం మాస్టారి ముచ్చట. డాక్టరమ్మ లెక్కలో బండి అంటే మందుల పెట్టె, రబ్బరు బూట్లు, తాళ్ళు పట్టాలి, బురదలో దిగబడకూడదు, అంతే. ఆవిడ పశువుల డాక్టరు. ఆయన స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. అందుకే ఆయన కన్ను బొమ్మ మీద పడింది. షోరూములో స్టీరింగు పక్కన పరీక్ష అట్టంత తెర వెలిగి, ఊరు ఊరంతా రంగుల్లో పరుచుకోగానే ఆయన మొహం కూడా దాంతోపాటే వెలిగింది.

"ఇంక నువ్వు అద్దం దించి దారినపోయేవాళ్ళందరినీ దారి అడగక్కర్లేదు" అన్నాడు.

"అడిగితే నోరు అరుగుతుందా?" అంది డాక్టరమ్మ. అన్నా, ఆయన సంబరం చూసి ఊరుకుంది.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఒక ఎద్దు ఆవిడ ఎడమ పాదం మీద కాలేసి తీరిగ్గా నిలబడింది. ఎముక విరగలేదు గానీ పాదం గుమ్మడికాయలా వాచింది. క్లచ్ తొక్కే మాట అటుంచి చెప్పు కూడా పట్టలేదు. మాస్టారు స్కూలుకి సెలవు పెట్టి డ్రైవరు అవతారం ఎత్తాడు. డాక్టరమ్మ పక్క సీటుకి మారింది.

అలా మారిన కొత్తల్లోనే, ఒక రోజు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నారో లేదో, పాలక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

పాలక్క ఊరి చివర డెయిరీ నడుపుతుంది. భర్త పోయాక ఒక్క ఆవుతో మొదలుపెట్టి, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా పైకొచ్చిన మనిషి. డాక్టరమ్మ బోర్డు కట్టుకుని ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, 'ఆడపిల్లకి పశువుల వైద్యం ఏం వస్తుంది' అని అందరూ మొహం తిప్పుకుంటుంటే, మొదట కబురు పెట్టింది ఆవిడే.

"తొలిచూలు ఆవు డాక్టరమ్మా. ఉమ్మనీరు పోయి చాలాసేపైంది. ఒక్క కాలే బయటికొచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే తల తగలట్లేదు."

"తల వెనక్కి తిరిగిపోయి ఉంటుంది. ఎవర్నీ లాగనివ్వకండి అక్కా. ఫోన్ పెట్టెయ్యకండి. వస్తున్నా."

మాస్టారు చేతులు కడుక్కుని పరిగెత్తాడు. ఆ కంగారులో తన ఫోన్ ఇంట్లోనే మరిచిపోయాడు. డెయిరీ అడ్రసు కారులో ముందే ఉంది. ఒక్కసారి వేలితో తాకాడు, నీలం గీత పరుచుకుంది, బండి కదిలింది. డాక్టరమ్మ తన ఫోన్ స్పీకర్లో పెట్టి పాలక్కకి చెబుతూనే ఉంది. ఆవుని నిలబెట్టి ఉంచండి, బయటికొచ్చిన కాలికి మెత్తటి తాడు కట్టి వదిలెయ్యండి, లాగడానికి కాదు, లోపలికి జారిపోకుండా. పని కుర్రాళ్ళు లాగుదామంటే నా పేరు చెప్పి తిట్టండి.

బండి ఫ్లైఓవరు ఎక్కింది. అప్పుడు పాలక్క మాటల మధ్యలో అంది: "మీరు కొత్త షెడ్డుకే గదా వస్తున్నారు?"

"కొత్త షెడ్డా?"

"పాతది ఖాళీ చేశాం గదమ్మా. కాలువ అవతల, ఇటుకల బట్టీ రోడ్డు."

డాక్టరమ్మ చెయ్యి తెర మీదికి పోయింది. అడ్రసు మార్చే గుర్తు నొక్కింది. అక్షరాలు వచ్చాయి గానీ అన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ఏది నొక్కినా ఉలకవు, పలకవు. వాటి మీద ఒక పలక వచ్చి కూర్చుంది: 'వాహనం కదులుతున్నప్పుడు ఈ సదుపాయం పనిచేయదు. మీ భద్రతే మాకు ముఖ్యం.'

"ఏమండీ, ఇది రాయనివ్వట్లేదు."

"ఆపితే రానిస్తుంది."

"అయితే ఆపండి."

"ఎక్కడ ఆపను?" అన్నాడు మాస్టారు. ఎడమ పక్క పిట్టగోడ, కుడి పక్క వరస కట్టిన లారీలు, వెనకాల బస్సు హారను. ఆ వంతెన మీద ఆపడమంటే నలుగురి ప్రాణాలతో ఆడుకోవడం. "మాటతో చెబితే వింటుందిట. చెప్పి చూడు."

డాక్టరమ్మ మైకు గుర్తు నొక్కి, ఒక్కో మాటా విడదీసి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. "ఇటుకల బట్టీ రోడ్డు."

"బట్టల కొట్లు" అంది కారు తీయగా. "మీకు దగ్గర్లో ఉన్న బట్టల కొట్లు చూపిస్తున్నాను."

"బట్టీ. ఇటుకల బట్టీ."

"చీరలు కావాలా, రెడీమేడ్ దుస్తులు కావాలా?"

డాక్టరమ్మ నోటికొచ్చిన మాట ఒకటి అంది. దాన్ని మాత్రం కారు సరిగ్గానే విన్నట్టుంది, 'క్షమించండి' అంది.

ఈలోగా ఫ్లైఓవరు రెండుగా చీలింది. ఎడమకి పోతే కాలువ. తెర మీద నీలం గీత మాత్రం పాత షెడ్డు వైపే ఉంది. 'కుడి వైపు ఉండండి' అందది. డాక్టరమ్మ ఇంకా మైకుతో యుద్ధంలోనే ఉంది. మాస్టారు కారు చెప్పినట్టే కుడికి తిప్పాడు. ఇక టోల్ గేటు దాటేదాకా వెనక్కి తిరిగే దారి లేదు.

ఇప్పుడు మిగిలింది ఆవిడ చేతిలో ఫోనొక్కటే. అందులో పాలక్క గొంతు ఉంది. దారి చూడాలంటే అప్పటికే ముక్కుతూ మూలుగుతూ నడుస్తున్న ఆ ముసలి ఫోనులో మాటైనా ఉండాలి, మ్యాపైనా ఉండాలి.

"అక్కా, ఒక్క నిమిషం పెట్టేస్తున్నా. దారి చూసుకుని మళ్ళీ చేస్తా. లాగనివ్వకండి."

పెట్టేసింది. మ్యాపు రావడానికి దానికి తీరుబడి కావాల్సివచ్చింది. దారి దొరికాక తిరిగి చేస్తే అవతల ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఫోన్ తెగిపోయాక ఆవు ఒక్కసారిగా కూలబడిందట. బెదిరిపోయిన పనివాళ్ళు తాడు పట్టుకుని లాగేశారట. డాక్టరమ్మ కుంటుకుంటూ లోపలికి పోయి, జబ్బ దాకా సబ్బు రాసుకుని, నేలమీద బోర్లా పడుకుని, తల సరిచేసి దూడని బయటికి తీసింది. పెయ్యదూడ. నుదుట తెల్ల మచ్చ. ఊపిరి లేదు. ముక్కులు తుడిచింది, పక్కటెముకలు రుద్దింది, తలకిందులుగా ఎత్తించింది. ఇంక చెయ్యడానికేమీ లేదని తెలిశాక కూడా కాసేపు రుద్దుతూనే ఉంది. తర్వాత ఆవుకి కుట్లు వేసింది. ఆవు బతికింది.

పాలక్క బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆలస్యం ఎందుకైందని అడగలేదు. తువ్వాలు చేతికివ్వకుండా బకెట్టు అంచు మీద వేసి పోయింది.

తిరుగు ప్రయాణం మొదలైంది. మాస్టారే ఉండబట్టలేక అన్నాడు: "కంపెనీవాళ్ళు అలా పెట్టింది మంచికే అనుకో. నడిపేవాడు తెర చూస్తూ కూర్చుంటే..."

"నడిపేది నేనా?"

"కాదు."

"మరి నా చేతులు ఎందుకు కట్టేసింది? మీరు నడుపుతున్నారు. నేను ఖాళీగా కూర్చున్నా. కళ్ళున్నాయి, వేళ్ళున్నాయి. వంతెన మీద బండి ఆపమనడం భద్రతా?"

"నా మీద ఎందుకు అరుస్తావు?"

"మీరే గదా దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చింది. కుడికి తిప్పమంటే తిప్పారు. అది చెబితే విన్నారు. పక్కన పెళ్ళాం ఎడమకి అని అరిచినా విని ఉండేవారు కాదు."

"నువ్వు ఎడమకి అనలేదు" అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

అది నిజం. అందుకే మరీ ఒళ్ళు మండింది. మొదటే తెర సంగతి వదిలేసి దారి పాలక్కనే అడిగి ఉంటే? ఫోన్ పెట్టెయ్యకుండా ఉంటే? మింగుడుపడని ఆ ప్రశ్నలన్నీ పోగుచేసి ఆవిడ ఆ తెర మీదికే విసిరింది.

పాదం వాపు తగ్గి క్లచ్ తొక్కగలిగిన మొదటి రోజే డాక్టరమ్మ షోరూముకి వెళ్ళింది. మేనేజరు ఇస్త్రీ మడత నలగని మనిషి. కుర్చీ చూపించాడు, చల్లటి నీళ్ళు తెప్పించాడు, చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. విని, "బాధాకరమైన విషయం మేడమ్. కానీ అది లోపం కాదు. మీ భద్రత కోసం పెట్టింది" అన్నాడు.

"ఆ మాట నాకు కారు చెప్పింది. మీరు ఇంకోటి చెప్పండి."

"నొక్కేది డ్రైవరో పక్కన కూర్చున్నవాళ్ళో బండికి ఎలా తెలుస్తుంది మేడమ్?"

"పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ఏమవుతుంది?"

"అలారం మోగుతుంది."

"ఎందుకు మోగుతుంది?"

మేనేజరు నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

"బెల్టు పెట్టుకోలేదని కేకలెయ్యడానికి నేను కనిపిస్తాను. అడ్రసు రాయడానికి కనిపించను. అంతేనా?"

"అది... ఆ రెండూ వేరు వేరు విభాగాలు చూస్తాయి మేడమ్. డిజైన్ పైన జరుగుతుంది. మా చేతుల్లో ఏమీ లేదు."

"సరే, బండిలో చిన్న శబ్దం వస్తోంది. ఒకసారి కూర్చుని వినండి" అంది డాక్టరమ్మ.

శబ్దం అనేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. శబ్దాలు ఆయన చేతుల్లో ఉన్న విషయమే. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆవిడ బండి తీసింది. మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది, ఫ్లైఓవరు ఎక్కింది.

"శబ్దం ఏమీ రావట్లేదు మేడమ్."

"వస్తుంది. ఈలోగా ఇటుకల బట్టీ రోడ్డుకి దారి పెట్టండి."

ఆయనకి అర్థమైంది. నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. తెర తాకాడు. బూడిద రంగు అక్షరాలు. పలక. మీ భద్రతే మాకు ముఖ్యం.

"ఒక్కసారి పక్కకి ఆపండి మేడమ్."

"ఎక్కడ?"

ఎడమ పక్క పిట్టగోడ. కుడి పక్క లారీలు. వెనకాల ఎవరో హారను వదలకుండా కొడుతున్నారు. మేనేజరు గొంతు సవరించుకుని, శిక్షణలో నేర్పినట్టు స్పష్టంగా మైకుకి చెప్పాడు. కారు ఆయనకీ బట్టల కొట్లే చూపించింది.

"ఆలోచించండి. ముందు చీలిక వస్తోంది. మీరు చెప్పిన వైపే తిప్పుతా."

"మేడమ్, నాకు ఈ దారి తెలీదు."

"అందుకేగా నావిగేషన్ ఉంది."

చివరికి జేబులోంచి సొంత ఫోన్ తీశాడు. టకటకా కొట్టి, "ఎడమకి, ఎడమకి పోనివ్వండి" అన్నాడు. ఆవిడ ఎడమకి తిప్పింది. చూశారా అని కూడా అనలేదు.

అక్కడితో వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ డాక్టరమ్మకి కసి తీరలేదు. ఈ నలగని చొక్కా మనిషి పాలక్క ఎదురుగా నిలబడాలి, ఆ భద్రత మాట అక్కడ చెప్పాలి అనిపించింది. షెడ్డు ముందు బండి ఆపింది. పాలక్క గడ్డి మోపు దింపుతోంది.

"ఈయన కారు కంపెనీ మనిషి అక్కా. ఆ రోజు మమ్మల్ని దారి మార్చనివ్వనిది ఈ కారే."

పాలక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. మేనేజరు చేతులు జోడించాడు. "జరిగినదానికి చింతిస్తున్నామండీ."

"ఈయన్నెందుకు తీసుకొచ్చారు?" అని పాలక్క డాక్టరమ్మనే అడిగింది.

"ఆలస్యం నావల్ల కాలేదని..."

"నాకు కార్ల సంగతి తెలీదు. మీరు ఫోన్ పెట్టేశారు. మీ గొంతు ఉన్నంతసేపూ కుర్రాళ్ళు భయపడి ఊరుకున్నారు. అది పోయాక నా మాట ఎవరూ వినలేదు." గడ్డి మోపు విప్పుతూ ఇంకో మాట కూడా అంది. "ఆవుకి ఇప్పుడు వేరే డాక్టరు వస్తున్నాడు. మీరు ఇంత దూరం రానక్కర్లేదు."

డాక్టరమ్మ వచ్చి సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. బండి షోరూముకి చేరింది. దిగేటప్పుడు మేనేజరు "పైవాళ్ళకి నేను రాస్తాను మేడమ్. నిజంగా రాస్తాను" అన్నాడు. ఆవిడ తలుపు లాగి వేసుకుంది.

రాశాడనే అనుకోవాలి, ఎందుకంటే కంపెనీ నుంచి జవాబొచ్చింది. అంతా రూపొందించిన విధంగానే పనిచేస్తోందని, తమని ఎంచుకున్నందుకు కృతజ్ఞతలని. మాస్టారు అలిగినా వినకుండా డాక్టరమ్మ ఆ కారు అమ్మేసింది. తెర లేని పాత వ్యాను ఒకటి కొంది. పాలక్క దగ్గర్నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. రోడ్డు మీద ఎదురైతే మాత్రం 'బావున్నారా' అంటుంది, మామూలుగానే.

మరుసటి ఏడాది ఒక ఆదివారం పొద్దున మాస్టారు పేపరు పైకి చదువుతున్నాడు. "ఈ కొత్త మోడల్ చూడు, తెర ఎంత బావుందో. పక్క సీటులో ఉన్నవారు ప్రయాణంలోనే దారి మార్చుకునే అద్భుత సదుపాయం, మొట్టమొదటిసారిగా..." అని, ఏం చదువుతున్నాడో తెలిసి ఆగిపోయాడు.

డాక్టరమ్మ సిరంజీలు వేడి నీళ్ళలో వేస్తోంది. వెనక్కి తిరగలేదు.

"ఆగారేం? చదవండి" అంది. "పాత కార్లలో కూడా పెడతారటా?"

మాస్టారు కింద సన్నక్షరాలు వెతికాడు. "లేదు. కొత్తవాటిలోనే."

"ఆ పేపరు ఇలా ఇవ్వండి" అంది ఆవిడ. ఆయన ఇచ్చాడు. వ్యాను వెనకభాగంలో రబ్బరు బూట్ల కింద బురద కాకుండా దాన్ని పరిచి, పేడ అంటిన బూట్లు సరిగ్గా ఆ తెర బొమ్మ మీద పెట్టి, పనికి పోయింది.