తోషియే గొడుగు

సుమియే భయం ఎప్పుడూ ఆమెకన్నా ముందే బయలుదేరుతుంది. కూతురు చినాత్సు బుగ్గలమీద ఎర్రమచ్చలు లేచి, డాక్టరు ఇది ఎండ పడని లూపస్ జబ్బని చెప్పిన రోజునుంచీ ఆమె కంటికి ఎండంటే నిప్పే. ఎండ తగిలితే జ్వరం, జ్వరం వస్తే మూత్రపిండాలు, ఆ తరవాత... ఆ తరవాతది కూడా ఆమె మనసు ఎప్పుడో చూసేసింది.

అయినా చనిపోయిన పెద్దలను తలుచుకునే ఓబోన్ పండగ రోజుల్లో వాళ్ళ సమాధి కడగడానికి పిల్లను తేవాల్సిందేనని ఆడపడుచు తోషియే కబురంపింది. భర్త కియోతాక సరేనన్నాడు. అక్కకు ఎదురు చెప్పడం ఆయనకు పుట్టుకతోనే చేతకాదు.

నారింజ తోటల పైన, కొండవాలులో సమాధులు. మిట్టమధ్యాహ్నం. తోషియే అప్పటికే అక్కడ ఉంది. మోచేతులు దాటిన నల్ల తొడుగులు, మెడకు తువ్వాలు, పైన లేసు అంచు గొడుగు. ఈ వయసులో ముఖాన మచ్చ పడితే ఏ పెళ్ళిచూపులు చెడిపోతాయో మరి!

"టోపీ తియ్యవే చినాత్సూ. తాతముత్తాతల ముందు ముఖం దాచుకుంటారా?"

"నాకు ఎండ పడదు అత్తయ్యా."

"పడకపోవడమేమిటి, నువ్వేమన్నా పుట్టగొడుగువా? మా వంశంలో ఈ రోగం లేదు. మా రక్తం శుభ్రమైంది. అంతా మీ అమ్మ వైపు నుంచే."

సుమియే ఊరుకోలేదు. "మా ఇద్దరి రక్తమూ పరీక్ష చేశారు వదినా. జబ్బుకు దారితీసే తేడాలు కొన్ని నావి, కొన్ని మీ తమ్ముడివి. ఈ దేశంలో చాలామందిలో ఉంటాయట, ఎక్కువమందికి ఏమీ కాదట. మీలోనూ ఉండొచ్చు."

"నాలోనా!"

"మీ తమ్ముణ్ణే అడగండి."

కియోతాక బకెట్లో నీళ్ళు సరిపోతాయో లేదో మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

గొడవ తెగితే చాలనుకుందో ఏమో, చినాత్సు టోపీ తీసేసింది. ఆ బుగ్గలమీద ఎండ పడగానే సుమియే ఒక్క అంగలో వెళ్ళి తోషియే చేతిలో గొడుగు లాక్కుని కూతురికి పట్టింది.

"అయ్యో, నా ముఖం!" తోషియే రెండు చేతులతో కప్పుకుంది.

"తాతముత్తాతల ముందు దాచుకోకూడదేమో వదినా! పద చినాత్సూ, కార్లోకి."

"మరి సమాధి ఎవరు కడుగుతారు?"

"శుభ్రమైన రక్తం మీదేగా, మీరే కడగండి."

కార్లో తలుపు వేయగానే సుమియే కూతురి ముఖం దగ్గరికి లాక్కుని చూసింది. ఆ ఎరుపు పాతదా, ఇప్పటిదా?