కన్నంలో పందుంపుల్ల

నేను ఒక పాత ట్రాక్టరును. పాత ఇనుము కొట్టు పెరట్లో, తుప్పు రేకుల గుట్టకు ఆనుకుని, గ్యాసు కట్టరు వచ్చే రోజు కోసం ఎదురుచూస్తున్నాను. ముక్కలైపోతానన్న దిగులు నాకు లేదు. కొలిమిలో కరిగి మరొకటిగా పుట్టడం ఇనుముకు కొత్త కాదు. నా ఫిర్యాదు వేరు. ఒక మనిషిని నలుగురిలో దొంగ అన్నారు. అతడు దొంగ కాడని కళ్ళారా చూసినవాళ్ళం ముగ్గురం. నోరున్న ఇద్దరూ మాట్లాడలేదు. కాబట్టి నోరు లేని నేను చెబుతున్నాను.

సాగరు కాలువ నీళ్ళు పల్నాటి చేలకు పారిన కొత్తలో నేను ఎర్రటి రంగుతో, మెడలో బంతిపూల దండతో ఊళ్ళోకి వచ్చాను. నా మొదటి యజమాని దున్నడానికి కంటే ఊరేగడానికే నన్ను ఎక్కువగా వాడాడు. ఆ సరదా తీరాక బసవపున్నయ్యకు అమ్మాడు. బసవపున్నయ్య మిరప రైతు, శుభ్రతంటే ప్రాణం. తెల్లవారగానే వేపపుల్ల నమిలి, దాని కొసను కుంచెలా చేసి, గంటసేపు పళ్ళు తోముకుంటూ పెరడంతా తిరిగేవాడు.

నన్ను నడిపినవాడు జకరయ్య. పాతికేళ్ళు నడిపాడు. అతని విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది. వచ్చిన మొదటి ఏడాదే, హ్యాండిలు తిప్పి స్టార్టు చేస్తుండగా నేను వెనక్కి తన్నాను. అతని ముందరి పళ్ళు ఊడిపోయాయి. జకరయ్య నెత్తురు తుడుచుకుని, "పోనీలే, కూడు మింగటానికి ముందరి పళ్ళెందుకు?" అన్నాడు. ఆనాటి నుంచి బూడిదతో చిగుళ్ళు రుద్దుకునేవాడు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య నడిచే బాధ్యత సంఘం అతనికి అప్పగించింది. నాకు గ్రీజు కొడుతూ ఆ ముచ్చట గర్వంగా చెప్పుకునేవాడు.

నాకు వయసు మీద పడి, గేరుబాక్సుకూ క్లచ్‌కూ మధ్య ఆయిలును ఆపే రబ్బరు సీలు అరిగింది. గేరు ఆయిలు చుక్కచుక్కగా క్లచ్ పెట్టెలోకి జారి, దాని అడుగునున్న కన్నంలోంచి నేల మీద పడేది. లోపల లోపముందని బయటివాళ్ళకు తెలియడానికే నన్ను తయారుచేసినవారు ఆ కన్నం పెట్టారు. సరిగ్గా అప్పుడే బసవపున్నయ్య నా కొట్టంలో సిమెంటు గచ్చు చేయించాడు. మూడోనాటికి దాని మీద నల్లటి మరక. జకరయ్య జ్వరంతో రాని ఒక ఉదయం, బసవపున్నయ్య నా కిందికి దూరి, నోట్లోని పందుంపుల్లనే ఆ కన్నంలోకి దిగగొట్టి, మిగిలింది విరిచేసి, పైన బంకమట్టి మెత్తాడు. చుక్క ఆగింది. గచ్చు కడిగించాడు. ఆ సంగతి మరిచిపోయాడు.

అదే అసలు విషాదం. కన్నం మూసినంత మాత్రాన కారడం ఆగలేదు, లోపల కారింది. గేరుబాక్సులో ఆయిలు వారం వారం తరిగింది.

ఒక సాయంత్రం బసవపున్నయ్య నన్ను టీకొట్టు ముందు ఆపించాడు.

"దిగరా! ఆయిలు పోస్తుంటే తరుగుతోంది. గచ్చు మీద చుక్క లేదు. ఎవడికమ్ముతున్నావు?"

"అయ్యా, లోపలికే పోతున్నట్టుంది. క్లచ్చి కూడా జారతంది. మెకానిక్కు మస్తాను చేత ఇప్పించి చూద్దాం. పాతికేళ్ళబట్టి దీని కడుపు కింద పడుకుంటన్నా, నాకు తెలవదా?"

"అందుకేగా, ఎక్కడ విప్పాలో నీకే బాగా తెలుసు!"

బల్ల మీద కూర్చున్నవాడొకడు, "పళ్ళు లేకపోయినా బాగానే నమిలాడే!" అన్నాడు. అందరూ నవ్వారు. జకరయ్య తాళంచెవి నా సీటు మీద పెట్టి నడిచి వెళ్ళాడు. ఆ ఆదివారం కానుకల సంచి అతని చేతిలోంచి తీసుకున్నారట.

కొత్త డ్రైవరు వచ్చినా ఆయిలు తరగడం మానలేదు. క్లచ్ పూర్తిగా జారిపోయి నేను చేలో నిలిచిపోతే, ఎడ్లతో కొట్టానికి లాగించాక మస్తాను వచ్చాడు. అతడు పనిమంతుడు. నా ఒళ్ళంతా డీజిలుతో కడిగి, ఆరాక ముగ్గుపిండి చల్లి, అరగంట ఇంజను నడిపించాడు. పిండి ఎక్కడా తడవలేదు. "బయటికి పోవడం లేదు పున్నయ్యగారూ, లోపలే ఉంది. ఇక్కడో కన్నం ఉండాలే!" అంటూ మట్టి గీకి, పటకారుతో లాగాడు. నల్లటి ఆయిలు బకెట్టు నిండా దిగింది. పటకారు కొసన వేపపుల్ల. కుంచెలా నమిలిన కొస.

"ఎవరోగాని శ్రద్ధగా తోముకున్నారండీ!" అని నవ్వబోయి, యజమాని ముఖం చూసి ఆగిపోయాడు. బసవపున్నయ్య పుల్ల అందుకుని పొయ్యిలో వేశాడు.

నన్ను రెండు భాగాలుగా విడదీశారు. కొత్త సీలును ఇరుసు మీది అరిగిన గాడి మీద కాకుండా రవ్వంత లోపలికి, నునుపైన చోట కూర్చోబెట్టాడు మస్తాను. ఆ పనికి వంక పెట్టలేను.

మర్నాడు బసవపున్నయ్య జకరయ్యకు కబురు పెట్టాడు. అతడు వచ్చి గచ్చుకు బయటే నిలబడ్డాడు.

"రేపట్నుంచి పనిలోకి రారా."

"వస్తానయ్యా. ఒక్కసారి టీకొట్టు కాడికొచ్చి, నేను తియ్యలేదని చెప్పండి. నన్ను దింపిన కాడనే."

"జరిగిందేదో జరిగింది. దానికి ఊరంతా టముకు వెయ్యాలా ఏంది?"

జకరయ్య మస్తాను వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పన్నా, లోపలేం దొరికింది?"

మస్తాను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ ఇంటి బంధువుల ట్రాక్టర్లన్నీ అతని షెడ్డుకే వచ్చేవి. "సీలు పోయింది జకరయ్యా. మార్చాం," అన్నాడు. అబద్ధం కాదు. అబద్ధమైనా అంత బాధ కలిగేది కాదు.

జకరయ్య నా మడ్‌గార్డు మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ నన్ను తాకలేదు. ఆ తరువాత ఆరేళ్ళు పనిచేశాను. గచ్చు మీద ఒక్క చుక్క రాల్చలేదు. చూసినవాళ్ళు మస్తాను పనితనాన్ని మెచ్చుకున్నారు.

రేపు కట్టరు వస్తుంది. ఆ టీకొట్టు ఇప్పటికీ కాలువ వంతెన పక్కనే ఉంది; జకరయ్య రోజూ దాని ముందునుంచే తల వంచుకుని వెళతాడు. మీరెవరైనా అటు వెళితే, ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళకు వినబడేలా ఒక్క మాట చెప్పండి. జకరయ్య దొంగ కాడు. మీకు నోరుంది.